కోడలు వరుస పిల్ల చేతి నీళ్లు

చంద్రపూర్‌లో ఒక పెద్దాసుపత్రి మగవాళ్ల ఎముకల వార్డులో చాలా ఏళ్లు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. డ్యూటీ దిగి బాబుపేట్‌లోని ఇంటికి వచ్చాక స్నానం చేసి, టీ తాగి, డైరీ రాసుకోవడం ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకున్న అలవాటు. ఈమధ్య మా వీధి అమ్మాయి నర్సింగ్‌లో సీటు వచ్చిందని పేడాలు తెచ్చిచ్చి, "ఆంటీ, గీ పని ఎట్లుంటది? నిజం చెప్పు" అని అడిగింది. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

నా ప్రమోషన్లు, బదిలీలు ఇక్కడ ఉండవు. అవి ఎవరికీ పనికిరావు. ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో, కట్టు ఎలా మార్చాలో మీకు కాలేజీలో నేర్పుతారు. రోగిని జబ్బుగా కాక మనిషిగా చూడాలని, ముసలివాళ్ల విషయంలో అది మరీ ముఖ్యమని మీ పుస్తకంలో ఒక పాఠం కూడా ఉంటుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు అందరూ బాగానే రాస్తారు. కానీ ఆ పాఠాన్ని ప్రేమగా చదివిన పిల్లలే వార్డులో ఒక్కోసారి ఎక్కువ చిక్కుల్లో పడతారు. అలా పడిన ఒక అమ్మాయి గురించే ఇందులో ఎక్కువ భాగం. ఆమె పేరు స్వప్న.

కట్టిన చేతులు

స్వప్న సంగతికి ముందు మా పెద్ద సిస్టర్ గురించి చెప్పాలి. నేను కొత్తగా చేరినప్పుడు ఆమె కింద పనిచేశాను. మరాఠీ మనిషి, మాట కరుకు. రోగి దుప్పటి ఎత్తే ముందు అతని పేరు పిలిచి, "కాకా, దుప్పటి తీస్తున్నా" అని చెప్పి, ఒక క్షణం ఆగేది. స్పృహ లేని వాళ్లకు కూడా అలాగే చెప్పేది. నేను నవ్వితే నెత్తి మీద ఒకటి మొట్టింది. ఆ ఒక్క క్షణం ఆగడం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

అలాగని ఆమెను దేవతను చేయను. సెలైన్ పీకుతున్నాడని అదే మనిషి ఒక ముసలాయన చేతులను మంచానికి బ్యాండేజీతో కట్టించింది. పొద్దుటికి ఆయన అరచేయి ఉబ్బి నీలంగా మారింది. చెయ్యి దక్కింది. కానీ ఇంటికి పోయేదాకా ఆయన మాలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మందు ఇస్తే మింగేవాడు, పక్కకు తిరగమంటే తిరిగేవాడు, అంతే. కట్టడం అనే మాట వినబడితే ఇప్పటికీ నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది.

లింగన్న

నేను రిటైరవడానికి కొంచెం ముందు, మే నెల ఎండల్లో, లింగన్న అనే పత్తి రైతు మా వార్డులో చేరాడు. డెబ్బై దాటిన మనిషి. రాజురా దిక్కు, తెలంగాణ సరిహద్దు ఊరు. గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలి. గుండె కొంచెం బలహీనం కాబట్టి ముందు రక్తపరీక్షలు సరిగ్గా ఉండాలి. అప్పటిదాకా కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టాం. భార్య పోయి చాలా కాలమైంది. కొడుకు శ్రీనివాస్‌కు ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర కాంట్రాక్టు పని. షిఫ్టు దిగి సాయంత్రానికి వచ్చేవాడు. పగలంతా ముసలాయన దగ్గర సొంత మనిషి లేడు.

అప్పుడే నర్సింగ్ కాలేజీ నుంచి ఒక బ్యాచ్ వచ్చింది. ఒక్కొక్క విద్యార్థినికి ఒక్కొక్క రోగిని అప్పగిస్తారు. అతని బాగోగులన్నీ చూసి, చివరికి ఆ కేసు మీద రాసి చెప్పాలి. స్వప్నది కోర్పనా దిక్కు రైతు కుటుంబం, ఇంట్లో తెలుగే. అందుకని లింగన్నను ఆమెకు ఇచ్చాను.

మొదట్లో ఏ చిక్కూ రాలేదు. "తాతా, లే. మొఖం తుడుస్త" అని ఆమె, "నా మొఖం తుడిస్తే ఏమొస్తది పోరీ, బంగారమొస్తదా?" అని ఆయన. యూరిన్ పాట్ అందిస్తే, "ఇగో, నా ఆస్తి. పైలంగ పట్కపో" అనేవాడు. పక్క మంచం మీద విలాస్ అని, కాలు విరిగిన ఆటో డ్రైవర్ ఉండేవాడు. బాబుపేట్ తెలుగు సవారీలతో తిరిగి తిరిగి సగం తెలుగు నేర్చినవాడు. వాళ్లిద్దరి మాటలు విని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మూడో రోజు మాటల్లో ఇంటిపేర్లు వచ్చాయి. మనవాళ్లు ఇద్దరు కలిస్తే ఊరు, ఇంటిపేరు, ఎవరి పిల్లను ఎవరికిచ్చారు అని అడగకుండా ఉండరు కదా. స్వప్న అక్కను ఇచ్చింది లింగన్న చిన్నాయన కొడుకు ఇంట్లోనే. అంటే అక్క మామకు ఈయన అన్న. స్వప్న ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అయితే నువ్వు నాకు తాతవు కాదు! పెద్దమామవు!"

"అవునా బిడ్డా?" అన్నాడు లింగన్న. దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె "మామా, మామా" అంటూ రెట్టింపు శ్రద్ధ చూపింది. వార్డులో అందరికీ చెప్పుకుంది. మంచి పని చేశావన్నట్టు నేనూ తల ఊపాను. పుస్తకంలో పాఠం కళ్లముందు నిజమైనట్టే ఉంది. పరాయి రోగి కాస్తా చుట్టమయ్యాడు.

నీళ్లు

ఆ మర్నాటి నుంచి లింగన్న నీళ్లు తాగడం మానేశాడు.

గ్లాసు నోటి దగ్గర పెడితే మొహం గోడ వైపు తిప్పుకునేవాడు. అన్నం రెండు ముద్దలు తిని చాలనేవాడు. చంద్రపూర్ మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కూలర్ వేసినా వేడిగాలే వస్తుంది. ముసలి శరీరంలో నీళ్లు తగ్గితే మొదట మూత్రం తగ్గుతుంది, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి, తర్వాత మాట తడబడుతుంది. సెలైన్ పెట్టాం. పీకేశాడు. మళ్లీ పెట్టాం. మళ్లీ పీకేశాడు. సాయంత్రం కొడుకు వచ్చాక కొంచెం తాగేవాడు. అది ఏ మూలకూ చాలదు.

స్వప్న స్టూలు మీద కూర్చుని బతిమాలేది. "మామా, ఒక్క గుక్క. నా మీద ఒట్టు." ఆమె ఎంత బతిమాలితే ఆయన అంత బిగుసుకునేవాడు.

ఒక పొద్దున రౌండ్లో మా ఎముకల డాక్టర్ రిపోర్టు చూసి మొహం చిట్లించాడు. కుర్రవాడు, చెడ్డవాడు కాదు, కానీ ఓపిక తక్కువ. "సిస్టర్, కిడ్నీ రిపోర్టు పాడవుతోంది. ఇలాగైతే మత్తు ఇవ్వలేం. ఆపరేషన్ ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో నిమ్ము, వీపు మీద పుండ్లు, తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు. ఆయనకు మతి చలించింది. చేతులు కట్టేయండి. సెలైన్ పెట్టండి. కేథటర్ వేయండి."

"సాయంత్రం దాకా ఆగండి డాక్టర్" అన్నాను.

"సాయంత్రానికి ఏం మారుతుంది?"

"సాయంత్రం దాకా" అని మళ్లీ అన్నాను. ఆయన గడియారం చూసుకుని సరేనన్నాడు.

లింగన్న పెదవులు పగిలి ఉన్నాయి. నాలుక తెల్లబారింది. పేరు అడిగితే చెప్పాడు, ఊరు అడిగితే చెప్పాడు. మతి చలించిన మనిషిలా నాకనిపించలేదు. చూపు మాత్రం ఎక్కడో ఉంది.

విలాస్ ఎగతాళి

మధ్యాహ్నం స్వప్నను బలవంతాన భోజనానికి పంపాను. ఆమె అటు వెళ్లగానే విలాస్ నన్ను పిలిచాడు.

"సిస్టర్, మీ పోరి బయటికి పోతే చాలు, సాస్రేబువా నా బాటిల్ దిక్కు చూస్తడు."

సాస్రేబువా అంటే మరాఠీలో మామగారు. స్వప్న వరుస కలిపినప్పటి నుంచి విలాస్ ఆయనను అలాగే పిలిచి ఏడిపిస్తున్నాడు.

"తాగుతాడా?"

"నిన్న ఆమె జేవణ్‌కు, అన్నానికి పోయినప్పుడు గుటగుట తాగిండు. మల్ల సుధాకర్‌ను పిలువు, సుధాకర్‌ను పిలువు అని నా ప్రాణం తీసిండు." సుధాకర్ మా వార్డ్ బాయ్. రెండు వార్డులకూ కలిపి ఒక్కడే. "సుధాకర్ ఏడ దొరుకుతడు సిస్టర్? దొరకలే. సాస్రేబువా పండ్లు కొరుక్కుంట పండుకున్నడు."

"సుధాకర్ ఎందుకు?"

విలాస్ నన్ను వింతగా చూశాడు. "ఎందుకేంది? డబ్బాకు! సూన్‌బాయి చేతికిస్తడా?"

డబ్బా అంటే యూరిన్ పాట్, సూన్‌బాయి అంటే కోడలు. అతను నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను బొగ్గు గనుల కాలనీలో పెరిగిన దాన్ని. మా నాన్న పనికోసం తెలంగాణ నుంచి వచ్చినవాడు. కాలనీలో ప్రతి మగవాడూ కాకానో అన్ననో. మామ కోడళ్ల కట్టుబాటు మాకు అంత గట్టిగా ఉండేది కాదు. అది లింగన్న ఊర్లో ఇంకా బతికే ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు.

తెర వెనక మాట

మంచం చుట్టూ తెర లాగి, స్టూలు దగ్గరకు జరుపుకుని కూర్చున్నాను.

"పెద్దయ్యా, నీళ్లు ఎందుకు తాగుతలేవు?"

"దప్పి లేదు."

"నోరు పిడచకట్టుకపోయింది. దప్పి లేదంటవేంది? డబ్బా గురించేనా?"

తెర పూర్తిగా మూసి ఉందో లేదో చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సిస్టరమ్మా, అది మా తమ్ముని కోడలికి చెల్లె. మా ఇంట్ల కోడలు నా ముందల చెప్పులేసుకొని నడువది. మంచం మీద కూసోది. నేను ఇంట్లకు వస్తే దగ్గుకుంట వస్త, వాళ్లు పక్కకు తప్పుకుంటరు. గసొంటిది గా పిల్ల నా దుప్పటి లేపుతనంటది. నీళ్లు తాగితే బయటికి రావాలె గద? సెలైన్ ఎక్కిచ్చినా గంతే గద? తాగకుంటే ఆ బాధే లేదు."

"మొదట్ల ఇచ్చినవు గద పెద్దయ్యా, ఆమె చేతికే?"

"అప్పుడు మనుమరాలు. తాతకు మనుమరాలికి సిగ్గేంది? ఇప్పుడు కోడలాయె."

"ఆమెకు చెప్తే అయిపోవు గద?"

"ఎట్ల చెప్త? వరుస కలిసిందని గంత సంబురపడ్డది. వద్దంటే చిన్నబోతది. ఏమొ తప్పు చేసిందనుకొని రేపు దాని అక్కను ఇంట్ల ఎత్తిపొడుస్తరు. వద్దు."

"ఇట్లయితే చచ్చిపోతవు."

"పోత. ఇజ్జత్‌తోని పోత."

బెదిరింపు లేదు, కోపం లేదు. పొలం పని ఏ వేళకు మొదలుపెట్టాలో చెప్పినంత నిమ్మళంగా చెప్పాడు. డాక్టర్ దాన్ని మతిభ్రమణం అన్నాడు. మేమంతా మొండితనం అనుకున్నాం. వార్డు మొత్తంలో ఆలోచించి పని చేస్తున్న మనిషి ఆయన ఒక్కడే.

"నా కేసు మేడం"

స్వప్న భోజనానికి పోలేదు. మెట్ల దగ్గరే కూర్చుని ఉంది. ఆమెను స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట నమ్మలేదు.

"యూనిఫాం మీద ఉన్నప్పుడు వరుసేంది మేడం?"

"నీకు లేదు. ఆయనకు ఉంది."

"మా ఊర్ల మామల ముందల నేను గూడ గట్లనే తప్పుకుంట. గని ఇది దవాఖాన గద? ఇక్కడ నేను నర్సును గద? పరాయిదాన్ననుకోవద్దని కలిపిన. మంచిగనిపిస్తదని."

"ఇప్పుడు వరుస లేదు, మళ్లీ తాతవే అనొచ్చా?" అని అడిగాను.

ఆమె నావైపు, ఊరి సంగతి తెలియని మనిషిని చూసినట్టు చూసింది. "కలిసిన వరుస ఎట్ల విడదీస్తరు మేడం? అది నా చేతుల ఉంటదా?"

"అయితే నువ్వు ఆ మంచం వదలాలి. ప్రణాళికి అప్పగిస్తున్నా." ప్రణాళి ఆమె బ్యాచ్ అమ్మాయే. బల్లార్షాలో పుట్టి పెరిగిన మరాఠీ పిల్ల.

"ఇది నా కేసు మేడం! పొద్దుమాపు చూసింది నేను. ప్రణాళికి తెలుగు ముక్క రాదు."

"ఆయనకు మరాఠీ వస్తుంది. పత్తి ఏ భాషలో అమ్ముకున్నాడనుకున్నావు?"

ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఇక్కడ మీకు ఒక మాట సూటిగా చెబుతాను. మనం చేసే సేవలో మన ఆనందం కొంత కలిసి ఉంటుంది. అది తప్పు కాదు. రోగికి అది అడ్డొచ్చిన రోజున మాత్రం దాన్ని వదులుకోవాలి. ఎవరూ చప్పట్లు కొట్టరు. నాకు తెలిసి ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. అది ఆ అమ్మాయికి చదువు పూర్తవకముందే ఎదురైంది.

తలుపు అవతల

ప్రణాళి వెళ్లి, "ఆజోబా, పాణీ ఘ్యా" అని గ్లాసు పట్టుకుంది. తాతా, నీళ్లు తీసుకో అని. చిక్కు విడిపోయిందనే అనుకున్నాను. లింగన్న గ్లాసు వైపు చూడలేదు.

"ఆ పిల్ల ఏది?" అన్నాడు నాతో. "నేను చెప్పిన్ననే ఎల్లగొట్టిన్రా?"

"లేదు పెద్దయ్యా, వేరే పని ఇచ్చిన."

"అబద్ధం. ఏడ్చినట్టు ఇనబడ్డది." గ్లాసు తోసేశాడు. నీళ్లు ప్రణాళి ఏప్రన్ మీద పడ్డాయి. "నా నోరే పాపిష్టిది. ఇగ నాకేం వద్దు."

నేను చేసిన ఏర్పాటు అంతా ఒక్క దెబ్బకు పోయింది. కిటికీలో ఎండ పచ్చబడుతోంది. వార్డు చివరి నుంచి ఇంటర్న్ డాక్టర్ ట్రాలీ తోసుకుంటూ వస్తున్నాడు. దాని మీద కేథటర్ ట్రే, సెలైన్ బాటిల్, రెండు బ్యాండేజీ చుట్టలు ఉన్నాయి. చక్రాలకు నూనె లేక కీచుమంటున్నాయి. నాకు ఆ నీలం అరచేయి గుర్తొచ్చింది.

ట్రాలీ సగం దూరం వచ్చేసరికి తలుపు దగ్గర నుంచి గొంతు వినబడింది.

"విలాసన్నా!"

స్వప్న లోపలికి రాలేదు. తలుపు చెక్క అవతల, గోడకు ఆనుకుని నిలబడింది. ఎండకు మన అమ్మాయిలంతా మొహానికి చుట్టుకునే స్కార్ఫ్‌ను నెత్తి మీదుగా కప్పుకుంది. మా వైపు చూడటం లేదు. లింగన్నకు ఆమె కనబడదు, మాట మాత్రం వినబడుతుంది.

"విలాసన్నా, మామకు జర చెప్పు. కోడలును ఎవ్వరు ఎల్లగొట్టలేదట. తనంతట తనే తప్పుకున్నదట. ఇంట్ల తప్పుకుంటరు గద, గట్లనే."

ఆమె ఏం చేస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. వాళ్ల ఇళ్లల్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఎవరో ఒకరిని పెట్టుకుని, మామ వినేలా వాళ్లతో అంటుంది. ఎవరూ లేకపోతే బర్రెతో అంటుంది. ఆమెకు దొరికింది విలాస్.

విలాస్ ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే అందుకున్నాడు. "సాస్రేబువా, విన్నరా? ఎవ్వరు ఎల్లగొట్టలేదట!"

లింగన్న గోడ వైపు తిరిగే ఉన్నాడు. కానీ వింటున్నాడు.

"ఇంకో మాట చెప్పన్నా. కోడలు పొద్దుగాల నుంచి ఏం తినలేదట. మామ గొంతు తడవకుంట కోడలు తినుడు మా ఇంట్ల లేదట."

ఇంటర్న్ ట్రాలీ ఆపి, "ఏం జరుగుతోంది సిస్టర్?" అన్నాడు. చెయ్యెత్తి ఆగమన్నాను.

లింగన్న గోడతోనే అన్నాడు. "పొయ్యి తినుమను. నేను తాగుత తియ్యి."

"పోదట" అన్నాడు విలాస్, ఆమె ఏమీ అనకముందే. "తాగిన సప్పుడు ఇనాలెనట."

తలుపు వెనక నవ్వో ఏడుపో, ఏదో అణచుకున్న చప్పుడైంది. లింగన్న మెల్లగా మొహం ఇటు తిప్పాడు. ప్రణాళి మళ్లీ గ్లాసు నింపి పట్టుకుంది. ఆమె మణికట్టు పట్టుకుని తాగాడు. సగం గడ్డం మీద కారింది. ఇంకో గ్లాసు అడిగాడు. అది అయ్యాక తలుపు వైపు చూసి పెద్దగా గొంతు సవరించుకున్నాడు, ఇంట్లోకి వచ్చే మామ దగ్గినట్టు. బయట అడుగుల చప్పుడు దూరమైంది.

కొంతసేపటికి, "ఆజోబా, పాట్ దేఊ?" అని ప్రణాళి అడిగింది, పాట్ ఇవ్వనా అని. "దే పోరీ" అన్నాడు. నేను తెర లాగాను.

ఇంటర్న్ బ్యాండేజీ చుట్టలను ఏప్రన్ జేబులో పెట్టుకుని, ట్రాలీని వెనక్కి తిప్పుకుపోయాడు.

తర్వాత

సాయంత్రం డాక్టర్‌కు జరిగింది చెప్పాను. పూర్తిగా నమ్మినట్టు లేదు గానీ, కట్టే మాట మళ్లీ ఎత్తలేదు. సెలైన్ పెడితే లింగన్న ఇక పీకలేదు. నీళ్లు ఒంటబట్టేకొద్దీ రిపోర్టులు మెల్లగా మెరుగయ్యాయి. ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు కూడా స్వప్న తలుపు అవతలే నిలబడింది.

ఆ మంచం దగ్గరకు ఆమె మళ్లీ పోలేదు. విలాస్ తన ఇష్టం వచ్చిన మాటలు కలుపుతూ ఇద్దరి మధ్య కబుర్లు మోశాడు. కేసు మార్చినందుకు కాలేజీలో ఆమెకు మార్కులు తగ్గాయని తర్వాత తెలిసింది. నేను మాట్లాడి చూశాను. ఫలితం లేదు. ఇలాంటివి కూడా ఉంటాయని మీరు ముందే తెలుసుకోవాలి.

డిశ్చార్జి రోజు శ్రీనివాస్ ఒక జీపు మాట్లాడుకుని వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. లింగన్న వాకర్ పట్టుకుని, ప్రణాళి ఒక పక్క, కొడుకు ఒక పక్క ఉండగా, ఒక్కో అడుగు వేస్తూ పోర్టికో దాటి జీపు దగ్గరకు నడిచాడు. స్వప్న అవతలి వార్డు నుంచి మందులు పట్టుకుని ఎదురొచ్చింది. మామను చూడగానే ఎండలోనే పక్కకు తప్పుకుంది. స్కార్ఫ్ నెత్తి మీదకు లాక్కుంది. తెల్లటి డ్యూటీ బూట్లు గబగబా విడిచి, గోడ పక్కన పెట్టి, వట్టి కాళ్లతో తల వంచుకుని నిలబడింది.

లింగన్న ఆగాడు. ఆమె వైపు చూడలేదు. కొడుకుతో అన్నాడు.

"తిన్నదా, అడుగు."

"స్వప్నా, తిన్నవా అని అడుగుతుండు బాపు."

"తిన్న అని చెప్పు."

లింగన్న తల ఊపి, వాకర్ ఇంకో అడుగు ముందుకు జరిపి, మళ్లీ ఆగాడు.

"బూట్లేసుకొమ్మను" అన్నాడు. "గచ్చు కాలుతుంది."